జర్మనీ మా తలుపు తట్టిన వారం

ఉద్యోగం పోవడానికి లోకంలో సవాలక్ష కారణాలున్నాయి. తాగి వచ్చినవాడికి పోతుంది, కునుకు తీసినవాడికి పోతుంది, యజమానికి ఎదురు చెప్పినవాడికి పోతుంది. దెయ్యానికి జర్మన్ భాషలో మర్యాదగా జవాబు రాసి పీకల మీదికి తెచ్చుకున్నవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను కాబట్టి నవ్వండి, కాదనను. కానీ చీకటి పడకముందే చదివేయండి. నేను కూడా ఈ సంగతి పగటిపూటే చెబుతాను.

తొంభైల్లో మాట. కదిరి నుంచి డిగ్రీ పట్టా చంకన పెట్టుకుని బెంగళూరు చేరి, చామరాజపేటలో బడులకు గోడపటాలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో చేరాను. యజమాని పేరు నంజప్ప. నన్ను ఉంచుకోవాలా సాగనంపాలా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్న రోజులవి. ఆయనకు హఠాత్తుగా ఒక కొత్త రకం పటం వేయాలని బుద్ధి పుట్టింది. దేశానికో పటం, అందులో ఆ దేశం పేరు ఎలా పుట్టింది, ఏ భాషలో ఏమంటారు అన్న వివరం. మొదటి పటం జర్మనీ. అది నా నెత్తిన పడింది.

జర్మనీ అంటే ఒక దేశం అనుకుంటాం కదా. తవ్వడం మొదలుపెట్టాక తెలిసింది, అదొక పేర్ల పుట్ట. జర్మనీ అన్నది రోమన్లు పెట్టిన పేరు. దాని అర్థమేమిటో ఇప్పటికీ గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకున్నారు, ఇంగ్లీషువాళ్ళ తోక పట్టుకుని మనం. ఫ్రెంచివాళ్ళు తమ సరిహద్దులో ఉన్న అలమానీ అనే తెగ పేరును దేశం మొత్తానికి తగిలించి అలమాన్య్ అన్నారు. ఫిన్‌లాండ్ వాళ్ళకు సాక్సన్లు తెలుసు కాబట్టి వాళ్ళకది సాక్సా. లిథువేనియా వాళ్ళు వోకియెతియా అంటారు, ఎందుకంటారో ఎవరికీ తేలలేదు. పోలండ్ వాళ్ళు నియెమ్‌త్సీ అంటారు. దానికి మూలం 'మూగ' అనే మాటేనని పండితులంటారు. మన భాష రానివాడు మూగవాడే అని ఆ కాలపు తీర్మానం కాబోలు. మన సంస్కృత పండితులైతే శర్మణ్యదేశం అని ఏకంగా జంధ్యమే వేశారు. ఇంతమంది ఇన్ని రకాలుగా పిలుస్తుంటే, అక్కడివాళ్ళు మాత్రం తమ నేలను డాయిచ్‌లాండ్ అనుకుంటారు. జనం భాష మాట్లాడేవాళ్ళ నేల అని.

ఆ సమయంలోనే వైట్‌ఫీల్డ్‌లో నంజప్పగారి స్నేహితుడి ఇంట్లో హెల్ముట్ అనే జర్మన్ పెద్దాయన దిగాడు. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడు, మనిషి తాటిచెట్టంత పొడవు. ఒకరోజు ప్రెస్సుకు వచ్చి పటం సంగతి విని తెగ సంబరపడ్డాడు.

"ఇరుగింటికో పేరు, పొరుగింటికో పేరు మాకు" అన్నాడు ఇంగ్లీషులో. "మా పేరుతో మమ్మల్ని పిలిచేది మేమే."

నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను.

"మా దగ్గరా అంతే సార్. తమిళులందరినీ మేం అరవవాళ్ళంటాం. ఒకప్పుడు మాకు దగ్గర్లో ఉన్న అరువనాడు అనే ముక్క పేరట అది. వాళ్ళేమో మమ్మల్ని వడుగర్లంటారు, ఉత్తరాన ఉన్నవాళ్ళమని. అంతెందుకు, నాకే ఎన్ని పేర్లున్నాయో చూడండి" అని మొదలుపెట్టి, సర్టిఫికెట్టులో ఏమిటి, ఆఫీసులో ఏమిటి, మా ఇంట్లో ఎవరెవరు నన్ను ఏమేమని పిలిచేవారు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. పంతుళ్ళు శ్రద్ధగా విన్నది మరిచిపోరని నాకప్పుడు తట్టలేదు.

వెళ్ళబోయే ముందు ఆయనే అన్నాడు. "నువ్వుండేది వర్తూరు, నేనుండేది వైట్‌ఫీల్డ్. సాయంత్రం పూట సైకిల్ మీద మీ ఇంటికే వచ్చి పటం చూస్తాను. ఈ వారంలోనే. శనివారం నా విమానం."

ఆయన గుమ్మం దాటగానే నంజప్పగారు నా వైపు తిరిగారు.

"చూడప్పా రమణా. ఆయన చూసి సరే అంటేనే అచ్చు. లేకుంటే ఆ పటమూ వద్దు, ఆ పటం చేసినోడూ వద్దు. ఆయ్తా?"

"ఆయ్తు సార్" అన్నాను, సరేనని.

వర్తూరు అప్పటికి పల్లెటూరే. చెరువుగట్టుకు ఆనుకున్న వీధిలో ఒక ముసలావిడ ఇంట్లో ముందరి గదిలో నేను, వెనక గదిలో ఆవిడ. వీధి తలుపు ఇద్దరికీ ఒకటే. పాత తలుపు, కింద జానెడు సందు. పొద్దు వాలేసరికి చెరువు మీంచి మంచు లేచి ఆ సందులోంచి లోపలికి పాకేది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. గుర్రపుడెక్క కుళ్ళిన వాసన వీధంతా కమ్ముకునేది. అంతవరకూ అరుస్తున్న కుక్కలు, ఎవరో నోరు నొక్కినట్టు, ఒక్కసారిగా ఊరుకునేవి. ఎందుకు ఊరుకునేవో ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

ఆ ఏడాది బెంగళూరు చుట్టుపక్కల ఒక పుకారు పాకింది. సందెవేళ ఏదో వస్తుందట. తలుపు తట్టి, మనవాళ్ళ గొంతుతో, మనవాళ్ళే పిలిచే పేరుతో పిలుస్తుందట. పలికితే పోయినట్టే. అందుకని ప్రతి తలుపు మీదా కన్నడంలో 'నాళె బా' అని రాసిపెట్టేవారు. రేపు రా అని. అది వచ్చి, చదువుకుని, వెళ్ళిపోయి, మర్నాడు వచ్చి, మళ్ళీ చదువుకుని వెళ్ళిపోవాలి. దెయ్యానికి చదువుతో పాటు క్రమశిక్షణ కూడా ఉంటుందన్న ఆ నమ్మకం చూసి అప్పట్లో పొట్ట పట్టుకుని నవ్వాను.

ఒక సాయంత్రం లాంతరు ముందు కూర్చుని పటంలోని పేర్లు పైకి చదువుకుంటున్నాను. ముసలావిడ గడపలోకి వచ్చి కూర్చుంది.

"ఏం జపమప్పా అది?"

"జపం కాదవ్వా. ఒక దేశం పేర్లు."

"అన్నీ ఒకదానివేనా?"

"ఒకదానివే. పక్కనున్నోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తారు."

"దాని సొంత పేరో?"

"అది ఆ దేశంవాళ్ళే పిలుచుకుంటారు."

ఆవిడ లాంతరు వత్తి సవరించింది.

"నా మాదిరే ఉండాది" అంది. "గుడిబండ నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చినా. ఆ పొద్దు నుంచి అందరికీ గుడిబండామెనే. అత్తకి గుడిబండామె, మా ఆయనకీ గుడిబండామె, ఇప్పుడు కూరగాయలోడికీ గుడిబండామె. అమ్మానాయనా పోయినాక నన్ను పేరు పెట్టి పిలిచే నోరే లేదప్పా."

"నీ పేరేంది అవ్వా?"

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఓబులమ్మ."

"మెల్లగా చెప్తావేం?"

"అది వినకూడదు. మన సొంత పేరే దానికి కావాల్సింది. ఆ పేరుతో బయటినుంచి పిలుపు వచ్చిందంటే అది మనిషి కాదప్పా. రెండుతూర్లే పిలుస్తాది, మూడోతూరి పిలిచేకి దానికి రాదు. అందుకే మూడో పిలుపు దాకా ఓ అనకూడదు. తెలిసిందా?"

నా తెలివి అప్పుడే పురి విప్పింది. "అదంతా సరే అవ్వా. కన్నడం చదవను రాని దెయ్యం వస్తే?"

నేను ఎగతాళికి అన్నాను. ఆవిడ గట్టిగా ఆలోచనలో పడింది.

"నువ్వన్నదీ నిజమే. ఇప్పుడు యాడ యాడోళ్ళో ఈ ఊరికి వస్తా ఉండారు. నువ్వు బాషలోడివి కదా, నీకు వచ్చినవన్నీ రాసేయి."

సుద్దముక్క తెచ్చి చేతిలో పెట్టింది. కన్నడం కింద తెలుగు రాశాను, తెలుగు కింద తమిళం, దాని కింద ఇంగ్లీషు. అక్కడితో ఆపితే ఈ జ్ఞాపకమే లేదు. ఆ పటం కోసం అవెన్యూ రోడ్డులో కొన్న పాత జర్మన్ పుస్తకం ఒకటి నా దగ్గరుంది. అందులోంచి ఏరుకుని, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, అన్నిటికంటే కింద 'బిట్టె మోర్గెన్ కొమ్మెన్' అని జర్మన్‌లో రాశాను. దయచేసి రేపు రండి. దెయ్యమైనా సరే, గౌరవం ఇవ్వాలి కదా. దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు సాయంత్రం హెల్ముట్ గారి కోసం బిస్కెట్లు తెచ్చిపెట్టి, చాప మీద పటం పరిచి కూర్చున్నాను. పొద్దు వాలింది, ఆయన రాలేదు. కరెంటు పోయింది. మంచు తలుపు కిందినుంచి పాకింది. కుక్కలు ఊరుకున్నాయి.

తలుపు మీద గోటితో తట్టినంత మెల్లగా చప్పుడైంది.

లేవబోయాను. వెనక గదిలోంచి ముసలావిడ వచ్చి నా భుజం పట్టుకుని వేలు పెదవుల మీద పెట్టుకుంది. అప్పుడు వినిపించింది. గొంతు కాదు, గొంతులో గాలి.

"గుగ్గిళ్ళోడా..."

ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఎందుకో మీకు చెప్పాలి. చిన్నప్పుడు దేవుడికి పెట్టిన ఉలవ గుగ్గిళ్ళు దొంగిలించి తిన్నందుకు మా జేజి, అంటే మా నాయనమ్మ, నాకు పెట్టిన పేరది. ఆమె తప్ప ఇంకెవరూ అలా పిలవలేదు. చివరి రోజుల్లో ఆమెకు గొంతు పోయింది. మంచంలోంచి సరిగ్గా ఇలాగే, గాలిలాగే, పిలిచేది. ఆమె పోయాక ఆ పేరూ పోయింది. కదిరిలో పోయిన పేరు వర్తూరులో తలుపు తడుతోంది.

"గుగ్గిళ్ళోడా..." మళ్ళీ అదే గాలి.

లాంతరు వెలుగు తలుపు కింది సందులోంచి బయటికి పడుతోంది. వంగి చూశాను. చూడకపోయినా బాగుండేది. గడప అవతల రెండు పాదాలున్నాయి. తెల్లగా, బారుగా ఉన్నాయి. వాటికి వేళ్ళు లేవు.

మూడో పిలుపు రాలేదు. పాదాలు వెనక్కి తిరిగాయి. మంచులో ఎక్కడో సన్నగా గంట మోగింది.

"గజ్జెలప్పా" అంది ముసలావిడ నా చెవిలో.

ఆ పూట నేను బిస్కెట్లన్నీ తినేశాను. నాకు భయమేస్తే ఆకలేస్తుంది, ఏం చేయను.

పొద్దున ప్రెస్సులో నంజప్పగారు అడిగారు. "వచ్చినాడా మీ జర్మనీ?"

"రాలేదు సార్."

"వాళ్ళు మాటంటే మాటంటారే."

"అదంతా మనం అనుకునేదే సార్" అన్నాను కసిగా. దెయ్యం టైముకి వచ్చింది గానీ పంతులు రాలేదని లోపల మండుతోంది.

ఆ సాయంత్రమూ అంతే. పంతులు రాలేదు, పిలుపు వచ్చింది. ఈసారి దానితో పాటు నీలగిరి తైలం వాసన తలుపు సందులోంచి లోపలికి వచ్చింది. జేజి ఛాతీకి మా అమ్మ రాసింది ఆ తైలమే. ఆ గది, ఆ మంచం, ఆ దుప్పటి అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. నేను గోడకు అతుక్కుపోయాను.

తెల్లవారగానే నేను చేసిన మొదటి పని ఏమిటో ఊహించగలరా? సుద్దముక్క తీసుకుని తలుపు మీది అక్షరాలన్నీ మళ్ళీ దిద్దాను. జర్మన్ వరుసను మరింత లావుగా దిద్దాను. మంచుకు చెరిగిపోయిందేమో, అందుకే మళ్ళీ వచ్చిందేమో అని నా అనుమానం.

ఇలా వారం గడిచింది. పొద్దున నంజప్పగారి ముఖం, సందెవేళ ఆ పాదాలు. శుక్రవారం నాటికి ఆయన అడగడం మానేశారు. నా బల్ల మీద ఇంకెవరివో రంగుల డబ్బాలు పెట్టించారు. మర్నాడు నా సామాను తీసుకెళ్ళమని దానర్థం.

ఆ సాయంత్రం పిలుపు రాగానే నాలో ఏదో విరిగింది. ఉద్యోగం పోతోంది, ఊళ్ళో తల ఎత్తుకోలేను, ఈ మహానగరంలో నన్ను మా ఇంట్లో పిలిచే పేరుతో పిలిచే గొంతు అదొక్కటే. జేజియే అయితే లోపలికి రానీ, ఏమవుతుంది అనిపించింది. లేచి గడియ మీద చెయ్యి వేశాను. ముసలావిడ నా మణికట్టు పట్టుకుంది.

"వద్దప్పా."

"మా జేజి అవ్వా."

"తెలుసు. అందరికీ వాళ్ళోళ్ళ మాదిరే వినిపిస్తాది. నన్ను కూడా ఒక్కతూరి పిలిస్తే బాగుండునని రోజూ వింటా ఉండా. అయినా తీసేది కాదు."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నేను ఏడ్చేశాను. అవతల గంట మోగుతూ దూరమైంది.

శనివారం పట్టపగలు, ఎండ దండిగా కాస్తోంది. ప్రెస్సులో నా టీగ్లాసు, కుంచెలు సంచిలో సర్దుకుంటున్నాను. యంత్రాలు ఆగిన సమయం, ప్రెస్సంతా నిశ్శబ్దం. నా వెనక, సరిగ్గా నా చెవి దగ్గర, గాలి కదిలింది.

"గుగ్గిళ్ళోడా..."

ముందు కిందికి చూశాను. తెల్లటి పాదాలు, వేళ్ళు లేవు. పక్కనున్న జిగురు డబ్బా మీద కూలబడ్డాను. ఎలా కూలబడ్డానంటే, తర్వాత నన్నూ డబ్బానూ విడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

ఆ పాదాలకు తెల్లటి మేజోళ్ళున్నాయి. మేజోళ్ళ మీద తోలు చెప్పులున్నాయి. వాటి పైన తాటిచెట్టంత హెల్ముట్ గారున్నారు. మెడకు గుడ్డ చుట్టుకుని, నీలగిరి తైలం వాసన కొడుతూ నా వైపు జాలిగా చూస్తున్నారు.

"మీ ఊరికి వచ్చిన మొదటిరోజే దుమ్ముకి గొంతు పోయింది" అన్నారు గాలిలాగే. "రోజూ వచ్చాను. రోజూ మీ తలుపు మీద దయచేసి రేపు రండి అని ఉంది. మొదట నమ్మలేదు. కానీ మా భాషలో, అంత పెద్ద అక్షరాలతో, తప్పు లేకుండా రాశావు. మరుసటి రోజు ఇంకా లావుగా దిద్దావు. పనిలో ఉన్నావనుకున్నాను. రెండుసార్లు పిలిచి వెళ్ళిపోయాను. మూడోసారి పిలవడం మర్యాద కాదు. ఇవాళ నాకిక రేపు లేదు, అందుకే ఇక్కడికి వచ్చాను."

"మరి ఆ పేరు..." అన్నాను జిగురులోంచే.

"ఆ రోజు నువ్వే చెప్పావు కదా, నీ వాళ్ళు పిలిచిన పేరు అదని. నా దేశాన్ని మా పేరుతో పిలవమని అడిగేవాణ్ణి, నిన్ను సర్టిఫికెట్టు పేరుతో పిలవడం బాగుంటుందా?"

మరి ఆ గజ్జెలు? సైకిల్ గంట. చీకట్లో గేదెలు అడ్డం వస్తాయని కొట్టారట.

నంజప్పగారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. హెల్ముట్ గారు పటం పరిచి చివరిదాకా చదివారు. ఒక్కటే మార్పు చెప్పారు. డాయిచ్‌లాండ్ అన్న పేరును నేను అడుగున చిన్న అక్షరాలతో వేశాను, దాన్ని అన్నిటికంటే పైకి తెమ్మన్నారు. తర్వాత 'మూగ' అనే అర్థమున్న నియెమ్‌త్సీ మీద వేలు పెట్టి, మెడగుడ్డ సవరించుకుని, "ఈ వారం మట్టుకు పోలండ్ వాళ్ళ పేరే సరైనది" అన్నారు.

నేను నంజప్పగారి వైపు చూశాను. "నా ఉద్యోగం సార్?"

ఆయన ముఖం బిగించుకుని అన్నారు. "నాళె బా."

"రేపు ఆదివారం సార్."

"అయితే ఎల్లుండి బా."

హెల్ముట్ గారు వైట్‌ఫీల్డ్ వెళ్ళి సామాను తీసుకోవాలి. దారిలో వర్తూరులో ఆగి ముసలావిడకు క్షమాపణ చెబుతానన్నారు. టాక్సీలో ఆవిడ సంగతి చెప్పాను. పేరు కూడా చెప్పాను. మధ్యాహ్నపు ఎండలో మా వీధి మామూలుగా ఉంది. నేను ముందు వెళ్ళి చెప్పబోతుంటే ఆయన ఆపి, తలుపు ముందు నిలబడి, గోటితో తట్టి, లేని గొంతుతో పిలిచారు.

"ఓబులమ్మా..."

లోపల ఏదో గిన్నె కిందపడింది. ఇప్పుడు ఈవిడ దడుచుకుని ఏమైనా అయితే ఎవరు జవాబుదారి? రెండో పిలుపుకు ఆయన నోరు తెరిచే లోపలే గడియ తీసిన చప్పుడైంది.

"ఆఁ, వస్తా ఉండా" అంటూ ఆవిడ తలుపు బార్లా తెరిచింది.

ఎదురుగా తెల్లవాడు, పక్కన నేను. జరిగింది చెప్పాను. ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, కూర్చోమని చాప వేసింది.

"అవ్వా, మూడో పిలుపు దాకా పలకకూడదంటివే? ఒక్క పిలుపుకే తలుపు తీస్తివే?" అన్నాను.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పేరుతో పిలిచినాక దెయ్యమైతే ఏముందిలే అప్పా. రానీ అనుకుంటి."

కాబట్టి చదువరులారా, పంచభూతాల సాక్షిగా, వర్తూరు చెరువు మీది మంచు సాక్షిగా, ఆ జిగురు డబ్బా సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకపై ఏ తలుపు మీదా, ఏ భాషలోనూ, ఎవరినీ రేపు రమ్మని రాయను. ఎవరు ఏ పేరుతో పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను. గుగ్గిళ్ళోడా అని పిలిస్తే మాత్రం ముందు వంగి పాదాలకు వేళ్ళున్నాయో లేదో చూసుకుని, లేకపోయినా తలుపు తీస్తాను. ఇంతవరకూ మళ్ళీ ఎవరూ పిలవలేదు.